పునాది పడకముందే కాండో: టొరంటో డౌన్‌టౌన్‌లో కొనేవారు చూసుకోవలసినవి

టొరంటో డౌన్‌టౌన్‌లో ఇంకా కట్టని కాండోను (సొంతానికి కొనుక్కునే అపార్ట్‌మెంట్ ఫ్లాటును) కొనడానికి సేల్స్ ఆఫీసుకు వెళ్లినవారికి అక్కడ కనిపించేవి ఒక నమూనా వంటగది, గాజు పెట్టెలో భవనపు చిన్న ప్రతిరూపం, గోడ నిండా ఒంటారియో సరస్సు మీద సూర్యాస్తమయం. సంతకం చేసి ఇంటికి తెచ్చుకునేది మాత్రం ఒక పెద్ద కాగితాల కట్ట. ఇల్లు కొన్నామని బంధువులకు చెప్పుకుంటాం గానీ, ఆ రోజున నిజానికి మనం తలకెత్తుకునేది ఒక బాధ్యత. నాలుగైదేళ్ల తర్వాత తయారయ్యే ఒక ఇంటిని, ఈ రోజు ఖాయం చేసిన ధరకు, బిల్డర్ రాసిన షరతుల ప్రకారం తీసుకుని తీరుతామని మాట ఇస్తున్నాం. ఈ లోగా వడ్డీరేట్లు, ఉద్యోగాలు, ఇళ్ల ధరలు ఎటు పోయినా ఆ మాట మారదు.

ఈ సంగతి 2022లో చాలామందికి అనుభవంలోకి వచ్చింది. ఆ ఏడాది మార్చి మొదట్లో 0.25 శాతంగా ఉన్న బ్యాంక్ ఆఫ్ కెనడా కీలక వడ్డీరేటు 2023 జులై నాటికి 5 శాతానికి చేరింది. చౌక వడ్డీల కాలంలో సంతకాలు చేసినవారు ఖరీదైన వడ్డీల కాలంలో తాళంచెవులు అందుకోవలసి వచ్చింది. అందువల్ల ఈ వ్యాసంలో వంటగది పలకల రంగుల కన్నా కాగితాల మీద, డబ్బు ఏ తేదీకి ఎంత కావాలన్న దాని మీద ఎక్కువ శ్రద్ధ పెడుతున్నాను.

ముందు, కొనే అర్హత

పౌరులు, శాశ్వత నివాసులు ఈ భాగాన్ని దాటవేయవచ్చు. మిగిలినవారికి 2023 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ చట్టం వర్తిస్తుంది. కెనడియన్లు కానివారు నివాస గృహాలు కొనరాదన్న ఆ నిషేధాన్ని తర్వాత 2027 జనవరి 1 వరకు పొడిగించారు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి, కొనుగోలు నాటికి పర్మిట్ గడువు కనీసం 183 రోజులు మిగిలి ఉంటే, ఒక ఇల్లు కొనుక్కునే మినహాయింపు ఉంది. అయితే ఈ మినహాయింపు దొరికిందని పన్ను తప్పిపోదు. ఒంటారియో ప్రభుత్వం విదేశీయుల కొనుగోళ్ల మీద 25 శాతం, 2025 జనవరి నుంచి టొరంటో నగరం దానికి అదనంగా 10 శాతం స్పెక్యులేషన్ ట్యాక్స్ వసూలు చేస్తున్నాయి. 6 లక్షల డాలర్ల కాండో మీద ఈ రెండూ కలిపితే 2,10,000 డాలర్లవుతాయి. నాలుగేళ్ల లోపు పి.ఆర్. (శాశ్వత నివాసం) వచ్చినవారు కొన్ని షరతుల మీద రాష్ట్రపు పన్నును తిరిగి అడగవచ్చు గానీ, ముందు కట్టడానికి చేతిలో డబ్బు ఉండాలి. పి.ఆర్. వస్తుందన్న నమ్మకంతో సంతకం చేయదలచినవారు లాయరును సంప్రదించకుండా చెక్కుపుస్తకం తీయకపోవడం మంచిది.

పేటను, బిల్డరును పరిశీలించడం

డౌన్‌టౌన్ అంటే అంతా ఒకటే కాదు. లిబర్టీ విలేజ్, సిటీప్లేస్ రెండూ రైలు మార్గాన్ని ఆనుకుని ఉన్నాయి. సిటీప్లేస్‌కు దక్షిణంగా గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే రొద కూడా తోడవుతుంది. క్వీన్స్ కీ వైపు గాలి, నీరు బాగుంటాయి గానీ ద్వీపం మీద బిల్లీ బిషప్ విమానాశ్రయం ఉంది. భవిష్యత్తు రవాణా చూసి కొనేవారు ఒంటారియో లైన్ అనే మెట్రో మార్గం పటాన్ని తప్పక చూడాలి. ఎగ్జిబిషన్ నుంచి డాన్ వ్యాలీ వరకు 15.6 కిలోమీటర్ల పొడవున 15 స్టేషన్లతో ఈ మార్గం కడుతున్నారు. కింగ్-బాథర్స్ట్, క్వీన్-స్పడైనా, మాస్ పార్క్, కార్క్‌టౌన్ స్టేషన్లు డౌన్‌టౌన్‌లోనే వస్తాయి. ఆ పనుల కోసం 2023 మే నెలలో యోంగ్ వీధి దగ్గర క్వీన్ వీధిని మూసివేశారు. స్టేషన్ పక్కనే ఇల్లు అన్న ప్రకటనలో స్టేషన్ ఎప్పటికి తెరుస్తారన్నది రాయరు. కాండో ముందు తయారై స్టేషన్ తర్వాత వస్తే, మధ్య కాలమంతా దుమ్ము, దారి మళ్లింపులు మనవే.

కిటికీ నుంచి కనిపించే దృశ్యానికి అదనపు ధర చెల్లించే ముందు, పక్క స్థలంలో ఏం రాబోతున్నదో నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లోని అభివృద్ధి దరఖాస్తుల విభాగంలో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఎత్తైన భవనాల మధ్య 25 మీటర్ల దూరం ఉండాలని టొరంటో మార్గదర్శకాలు చెబుతాయి. అంటే, నిబంధన సరిగ్గా పాటించినా, ఈనాడు సరస్సు కనిపించే గదికి రేపు 25 మీటర్ల దూరంలో ఎవరి పడకగదో ఎదురుపడవచ్చు. దృశ్యం కొనసాగుతుందని ఏ ఒప్పందమూ హామీ ఇవ్వదు. నా మటుకు నేను దృశ్యానికి అదనంగా ఒక్క డాలరు కూడా పెట్టను. కారు ఉన్నవారు పార్కింగ్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. కొత్త భవనాల్లో ఫలానా సంఖ్యలో పార్కింగ్ ఉండాలన్న నిబంధనను నగరం 2022లో చాలావరకు ఎత్తివేసింది. అందుచేత చిన్న ఫ్లాట్లకు పార్కింగ్ అసలు అమ్మని భవనాలున్నాయి. అమ్మిన చోట దాని ధర వేరు.

ఒంటారియోలో కొత్త ఇళ్లు కట్టి అమ్మేవారికి 2021 ఫిబ్రవరి నుంచి హోమ్ కన్‌స్ట్రక్షన్ రెగ్యులేటరీ అథారిటీ లైసెన్సులు ఇస్తోంది. ఆ సంస్థ నిర్వహించే ఒంటారియో బిల్డర్ డైరెక్టరీలో బిల్డర్ పేరు వెతికితే లైసెన్సు స్థితి, ఇంతకు ముందు కట్టిన ఇళ్లు, తీసుకున్న చర్యలు కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రతి భవనానికీ బిల్డర్లు విడిగా ఒక కంపెనీ పెడతారు. ఒప్పందంలో ఉండేది ఆ కంపెనీ పేరే, ప్రకటన బోర్డు మీద వెలిగేది మాతృ సంస్థ పేరు. రెండు పేర్లనూ వెతకాలి. పాత భవనాలు ఒకటి రెండింటికి స్వయంగా వెళ్లి, లిఫ్టు దగ్గర ఎదురైన నివాసులను మెయింటెనెన్స్ ఫీజు ఎంత పెరిగిందని అడిగితే, బ్రోచరులో లేని సమాచారం చాలా దొరుకుతుంది. భవనం ఎంత పెద్దదైతే అంత భద్రమని కూడా అనుకోరాదు. యోంగ్, బ్లూర్ వీధుల కూడలిలో, నగరంలోని అత్యంత ఖరీదైన స్థలంలో, 85 అంతస్తులుగా తలపెట్టిన భవనం 2023 అక్టోబరులో సగం కట్టి ఉండగానే కోర్టు నియమించిన రిసీవర్ (అప్పుల్లో పడిన ప్రాజెక్టును స్వాధీనంలోకి తీసుకునే అధికారి) చేతికి వెళ్లింది.

పది రోజులు

కాండో చట్టం కొనుగోలుదారుకు ఇచ్చిన అతి పెద్ద రక్షణ ఈ పది రోజులే. బిల్డర్ నుంచి కొత్త కాండో కొన్నవారు ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందాన్ని రద్దు చేసుకుని, కట్టిన సొమ్మంతా వెనక్కి తీసుకోవచ్చు. ఇరువైపులా సంతకాలయిన ఒప్పందం, డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (భవనం వివరాలతో బిల్డర్ ఇచ్చే పత్రం), కాండో కొనుగోలుదారుల కోసం ఒంటారియో రూపొందించిన మార్గదర్శిని మన చేతికి అందాలి. వీటిలో చివరగా అందినదాని తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. శని, ఆదివారాలు, సెలవురోజులు కూడా లెక్కలోకి వస్తాయి. రద్దు నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, గడువులోపల బిల్డరుకు గానీ బిల్డర్ లాయరుకు గానీ చేరాలి. సేల్స్ ఆఫీసులో ఉన్న అమ్మాయికి ఫోనులో చెప్పడం నోటీసు కిందికి రాదు. పాత కాండోను దాని యజమాని నుంచి కొన్నవారికి ఈ హక్కు ఉండదు.

కాబట్టి సంతకానికి ముందే, కాండో ఒప్పందాల్లో అనుభవం ఉన్న లాయరును మాట్లాడి పెట్టుకోవాలి. పదో రోజున లాయరు కోసం వెతికేవారు ఎందరో. బిల్డర్ సూచించిన లాయరును, బిల్డర్ దగ్గర కమిషన్ తీసుకునే ఏజెంటు బంధువైన లాయరును మర్యాదగా తప్పించుకోవాలి. ఆ లాయరు చేత ముఖ్యంగా పరిశీలింపజేయవలసిన అంశాలు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది, బిల్డర్ ఎప్పుడు వెనక్కి తగ్గవచ్చునన్నది. ఒప్పందానికి జతచేసే టారియన్ (ఒంటారియోలో కొత్త ఇళ్ల వారంటీని నిర్వహించే సంస్థ) అనుబంధ పత్రంలో ముందస్తు రద్దు షరతులు ఉంటాయి. ఫలానా తేదీలోగా ఇన్ని యూనిట్లు అమ్ముడుపోకపోతే, నిర్మాణ రుణం దొరకకపోతే, ఫలానా అనుమతులు రాకపోతే బిల్డర్ ప్రాజెక్టును రద్దు చేయవచ్చు. డబ్బు వెనక్కి వస్తుంది గానీ గడిచిపోయిన రెండు మూడేళ్లు రావు. ఈ లోగా ధరలు పెరిగి ఉంటే అదే సొమ్ముకు మరో ఇల్లు దొరకదు. ఆ షరతులకు రాసిన తేదీలు ఎంత దగ్గరగా ఉంటే కొనుగోలుదారుకు అంత మేలు.

రెండవది, ఇల్లు అప్పగించే తేదీలు. అదే అనుబంధంలో మొదటి పేజీలోనే తొలి అంచనా తేదీ, ఇక దాటరాని ఆఖరి తేదీ రెండూ కనిపిస్తాయి. వీటి మధ్య ఏళ్ల ఎడం ఉండడం మామూలే. 90 రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి బిల్డర్ అంచనా తేదీని మళ్లీ మళ్లీ జరపవచ్చు. అలా జరిపినంత కాలం నష్టపరిహారం ఉండదు. ఖాయం చేసిన తేదీ తప్పిన తర్వాతే రోజుకు 150 డాలర్ల చొప్పున, మొత్తం 7,500 డాలర్లకు మించకుండా పరిహారం లభిస్తుంది. ఆఖరి తేదీ కూడా దాటితే, 30 రోజుల్లోగా కొనుగోలుదారు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. సమ్మె, అగ్నిప్రమాదం వంటి అనివార్య కారణాల వల్ల ఆ తేదీలన్నీ ముందుకు జరుగుతాయి. అద్దె ఇంటి లీజును, పిల్లల బడి మార్పును అంచనా తేదీకి ముడిపెట్టుకోకూడదని వేరే చెప్పనవసరం లేదు.

మూడవది, క్లోజింగ్ నాటి, అంటే మిగిలిన సొమ్ము కట్టి ఇల్లు మన పేరు మీదికి మార్చుకునే నాటి, సర్దుబాట్లు. ఇది అందరూ చదవకుండా తిప్పేసే పేజీ, అందరూ తర్వాత బాధపడే పేజీ. నగరం వసూలు చేసే డెవలప్‌మెంట్ ఛార్జీల పెరుగుదల, ఉద్యానవన రుసుము, పాఠశాలల రుసుము, నీటి, కరెంటు మీటర్ల ఖర్చు, టారియన్ నమోదు రుసుము వంటివాటిని బిల్డర్ కొనుగోలుదారు మీదికి మళ్లించే వీలు అక్కడ రాసి ఉంటుంది. వీటి మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి రాయించుకోవాలి. అమ్మకాలు మందగించిన రోజుల్లో బిల్డర్లు ఒప్పుకుంటారు. వేడి మీద ఉన్న మార్కెట్లో ఒప్పుకోకపోయినా అడిగితే పోయేదేమీ లేదు. పరిమితి లేదన్న జవాబు వస్తే, ఆ పద్దుకు ఎన్ని వేలు పక్కన పెట్టాలో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు, అదే దానితో వచ్చిన తంటా.

తర్వాత, అసైన్‌మెంట్ హక్కు. ఇల్లు పూర్తి కాకముందే ఒప్పందాన్ని మరొకరికి అమ్ముకోవడానికి బిల్డర్ అనుమతి కావాలి, రుసుము కట్టాలి, చాలాసార్లు బహిరంగంగా ప్రకటన ఇవ్వడం నిషిద్ధం. పరిస్థితులు మారితే బయటపడే దారి ఇదొక్కటే గనుక, వాడుకునే ఉద్దేశం లేకపోయినా దీన్ని రాయించుకోవడం మేలు. 2022 మే 7 నుంచి అసైన్‌మెంట్ అమ్మకాల మీద హెచ్.ఎస్.టి. (అమ్మకపు పన్ను) వర్తిస్తున్నదని మరచిపోకూడదు. దీనితోపాటు, భవనం కాండోగా రిజిస్టర్ కాకముందే అద్దెకిచ్చుకునే అనుమతి ఉందో లేదో కూడా ఇక్కడే చూసుకోవచ్చు.

విస్తీర్ణం విషయంలో ఒక హెచ్చరిక చాలు. చదరపు అడుగులను పక్క ఫ్లాటుతో ఉమ్మడి గోడ మధ్య నుంచి, బయటి గోడ వెలుపలి అంచు నుంచి కొలుస్తారు. కార్పెట్ వేసుకోగల స్థలం అంతకన్నా తక్కువ. మంచం, సోఫా కొలతలు కాగితం మీద గీసి చూసుకోవడం బ్రోచరు అంకెను నమ్మడం కన్నా ఉపయోగం. చిన్న ఫ్లాట్లలో ఒక అడుగు తేడా కూడా పెద్దదే.

డబ్బు ఎప్పుడెప్పుడు కావాలి

డిపాజిట్ సాధారణంగా ధరలో 15 నుంచి 20 శాతం. సంతకం నాడు కొంత, తర్వాత నెలలు, ఏడాది గడువులతో విడతలుగా, చివరి విడత ఇంట్లో చేరేనాడు. చెక్కు బిల్డర్ పేరు మీద కాక బిల్డర్ లాయరు ట్రస్టు ఖాతా పేరు మీద ఉండాలి. ఆ సొమ్మును ట్రస్టులో ఉంచాలని, లేదా దానికి తగిన బీమా భద్రత చూపాలని చట్టం చెబుతుంది. అందులో 20,000 డాలర్ల వరకు టారియన్ రక్షణ ఉంటుంది.

తొలి ఇంటి కోసం ఎఫ్.హెచ్.ఎస్.ఏ. (తొలి ఇంటి పొదుపు ఖాతా) లోనూ ఆర్.ఆర్.ఎస్.పి. (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) లోనూ దాచుకున్న సొమ్ముతో డిపాజిట్లు కట్టవచ్చునని చాలామంది అనుకుంటారు. అయితే పన్ను లేకుండా ఆ సొమ్ము తీయాలంటే, తీసిన ఏడాదికి మరుసటి ఏడాది అక్టోబరు 1 లోపల ఇల్లు కొనుగోలు గానీ నిర్మాణం గానీ పూర్తి కావాలి. నాలుగేళ్ల తర్వాత తయారయ్యే కాండోకు తొలి విడతలు ఈ ఖాతాల నుంచి కట్టడం కుదరదన్న మాట. ఆ విడతలకు వేరే పొదుపు చూసుకుని, ఈ ఖాతాలను క్లోజింగ్ కోసం దాచుకోవాలి.

ఇక అసలు లెక్క. 6 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుని 20 శాతం, అంటే 1,20,000 డాలర్లు, డిపాజిట్ కట్టారనుకుందాం. క్లోజింగ్ నాటికి 4,80,000 బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు మాత్రం ఒప్పందంలోని ధరను కాక ఆనాటి మదింపు విలువను చూస్తుంది. ఆ విలువ 5,20,000 అని తేలితే, అందులో 80 శాతం కింద 4,16,000 మాత్రమే ఇస్తుంది. మిగిలిన 64,000 డాలర్లు జేబులోంచి తేవాలి. తేలేకపోతే డిపాజిట్ పోవడమే కాదు, ఆ ఫ్లాటును బిల్డర్ తక్కువకు అమ్మినప్పుడు వచ్చిన నష్టానికి కూడా దావా వేయవచ్చు. ఈ ఒక్క లెక్కను సంతకానికి ముందు మూడు రకాల మదింపులతో వేసి చూసుకున్నవారికి, తాము తట్టుకోగలరో లేదో అక్కడే తేలిపోతుంది. రుణ అర్హతను కూడా బ్యాంకులు మనకిచ్చే వడ్డీరేటుకు 2 శాతం కలిపిన రేటు, 5.25 శాతం, ఈ రెండింటిలో ఎక్కువైనదానితో పరీక్షిస్తాయి.

దీనికి పైన ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ (ఆస్తి చేతులు మారినప్పుడు కట్టే పన్ను). ఒంటారియోలో మిగతా ఊళ్లలో ఒకటే, టొరంటోలో 2008 నుంచి రెండు. 6 లక్షల మీద రాష్ట్రానికి 8,475, నగరానికి మరో 8,475 డాలర్లు కట్టాలి. తొలిసారి కొనేవారికి రాష్ట్రం 4,000 వరకు, నగరం 4,475 వరకు తగ్గిస్తాయి. హెచ్.ఎస్.టి. సంగతి వేరు. ప్రకటించిన ధరలో పన్ను కలిసే ఉందని చెప్పినా, కొనుగోలుదారు స్వయంగా నివసిస్తాడన్న ఊహతో రిబేటును బిల్డర్ ముందే తీసేసుకుని ఆ ధర వేస్తాడు. అద్దెకివ్వడానికి కొన్నవారు ఒంటారియో భాగం కింద 24,000 డాలర్ల వరకు రిబేటు మొత్తాన్ని క్లోజింగ్ నాడు కట్టి, ఏడాది లీజు చూపించి ప్రభుత్వం నుంచి తిరిగి రాబట్టుకోవాలి. తొలి ఇంటి కొనుగోలుదారులకు సంబంధించిన పన్ను రాయితీలు ఇటీవల మారుతూ వచ్చాయి గనుక, ఏ రాయితీ ఎవరికి చేరుతుందో ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి.

తాళంచెవి వచ్చాక

కొత్తగా కొనేవారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇంటరిమ్ ఆక్యుపెన్సీ. మన ఫ్లాటు తయారై మనం చేరినా, భవనం మొత్తం కాండోగా రిజిస్టర్ అయ్యేదాకా అది మన పేరు మీదికి రాదు. పేరు మారనిదే బ్యాంకు రుణం విడుదల కాదు. ఈ మధ్య కాలంలో నెలనెలా బిల్డరుకు ఆక్యుపెన్సీ ఫీజు చెల్లించాలి. కట్టని మొత్తం మీద వడ్డీ, ఆస్తిపన్ను అంచనా, మెయింటెనెన్స్ ఫీజు కలిపి దాన్ని లెక్కిస్తారు. 4,80,000 మీద 6 శాతం అనుకుంటే వడ్డీయే నెలకు 2,400 డాలర్లు. ఇందులో ఒక్క డాలరు కూడా అసలుకు జమకాదు. కింది అంతస్తులవారు ముందుగా చేరతారు కాబట్టి ఎక్కువ నెలలు కడతారు. పై అంతస్తులవారు తక్కువ కడతారు. తక్కువ ధరకు దొరికిన నాలుగో అంతస్తు ఫ్లాటుకు ఈ ఖర్చు కలిపి చూసుకోవాలి.

అప్పగింతకు ముందు బిల్డర్ ప్రతినిధితో కలిసి చేసే తనిఖీకి పగటి వెలుతురులో వెళ్లాలి. ప్రతి కొళాయి తిప్పి, ప్రతి కిటికీ తెరిచి, గీతలు, పగుళ్లు అన్నిటినీ పత్రంలో రాయించి ఫోటోలు తీసుకోవాలి. తర్వాత చూపించిన గీతను మీరే చేశారని బిల్డర్ అనడం పరిపాటి. టారియన్ వారంటీ ఒకటి, రెండు, ఏడేళ్ల భాగాలుగా ఉంటుంది. పనితనంలోని లోపాలకు ఏడాది. నీరు లోపలికి రావడం, కరెంటు, ప్లంబింగ్ వంటివాటికి రెండేళ్లు. భారీ నిర్మాణ లోపాలకు ఏడేళ్లు. ఫిర్యాదులను టారియన్ నిర్దేశించిన ఫారాల్లో, నిర్దేశించిన గడువుల్లో దాఖలు చేయాలి. బిల్డరుకు ఈమెయిల్ రాసి ఊరుకుంటే టారియన్ లెక్కలో ఫిర్యాదు చేయనట్టే.

అద్దెకిచ్చేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2018 నవంబరు 15 తర్వాత తొలిసారి నివాసానికి వచ్చిన ఇళ్లకు ఒంటారియో వార్షిక అద్దె పెంపు పరిమితి వర్తించదు. ఇల్లు ఖాళీగా ఉంచాలనుకునేవారికి మాత్రం టొరంటో ఖాళీ ఇళ్ల పన్ను ఉంది, 2024 నుంచి అది మదింపు విలువలో 3 శాతం. నివసిస్తున్నా సరే ఏటా డిక్లరేషన్ ఇవ్వాలి.

మెయింటెనెన్స్ ఫీజు మొదటి ఏడాది తక్కువగా కనిపిస్తుంది. ఆ బడ్జెట్టు బిల్డర్ వేసినది. అందులో లోటు వస్తే చట్టప్రకారం బిల్డరే భరించాలి. ఏడాది నిండాక, రిజర్వ్ ఫండ్ (పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధి) అధ్యయనం వచ్చాక, ఫీజు ఒక్కసారిగా ఎగరడం చాలా భవనాల్లో చూస్తాం. రిజిస్ట్రేషన్ జరిగిన ఆరు నుంచి పది నెలల మధ్య ఉమ్మడి భాగాల మీద ఇంజినీర్లు పెర్ఫార్మెన్స్ ఆడిట్ చేస్తారు. గ్యారేజీలో నీటి చెమ్మ, లాబీలో పగిలిన రాళ్లు వారి దృష్టికి తేవలసినది నివాసులే కాబట్టి, తొలి యజమానుల సమావేశానికి వెళ్లి బోర్డులో ఎవరున్నారో తెలుసుకోవాలి. ఆస్తిపన్ను కూడా ఇలాగే ఆలస్యంగా వస్తుంది. ఫ్లాటుకు విడిగా మదింపు జరిగేదాకా బిల్లు చిన్నదిగానే ఉంటుంది. మదింపు అయ్యాక, నడుస్తున్న ఏడాదికే కాక గత రెండేళ్లకు కూడా కలిపి ఒక్కసారే పంపవచ్చు. ఆ సొమ్మును చేరిన నెల నుంచే విడిగా తీసి పెట్టుకోవాలి.